అందరూ బియ్యం పంచుతున్నప్పుడు

ఈమధ్య విజయవాడలో ఒక సేవాసంస్థ వార్షికోత్సవానికి వెళ్లాను. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి మాట్లాడుతూ, కరోనా కాలంలో ఆ సంస్థ తన మామూలు కార్యక్రమాలన్నీ ఆపేసి, చేతిలో ఉన్న ప్రతి రూపాయినీ కరోనా సహాయానికే మళ్లించిందని, సేవాభావమంటే అలా ఉండాలని మెచ్చుకున్నారు. సభంతా చప్పట్లు కొట్టింది. నాకు చేతులు రాలేదు. ఆపేసిన ఆ మామూలు కార్యక్రమాలను నమ్ముకున్నవాళ్లు ఆ నెలల్లో ఏమయ్యారో వేదిక మీద ఎవరూ చెప్పలేదు, కింద ఎవరూ అడగలేదు.

నేను చాలా ఏళ్లుగా ఒక చిన్న ట్రస్టుకు కోశాధికారిగా ఉన్నాను. వన్‌టౌన్ వైపు వించిపేటలో, చిట్టినగర్‌లో, కొండ మీది ఇళ్లలో ఉండే వృద్ధులకు నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు, కొందరికి ఇన్సులిన్ ఇవ్వడం మా ప్రధానమైన పని. దానితోపాటు పల్లెల్లో కంటి శిబిరాలు, పైచదువులకు వచ్చిన ఆడపిల్లలకు ఒక హాస్టలు, సింగ్‌నగర్‌లో కుట్టు శిక్షణ కేంద్రం నడుపుతున్నాం. నేను చెప్పబోయేది అక్కడ చూసినదాని నుంచి వచ్చిందే.

మహమ్మారి వచ్చినప్పుడు సేవాసంస్థ తన వనరులను మళ్లించవలసిందే. ఇది మా పని కాదని తలుపులు వేసుకున్న సంస్థలను నేను సమర్థించను. అయితే మళ్లించవలసింది ఆ విపత్తు వల్లనే పని లేకుండా మిగిలిపోయిన మనుషులను, బండ్లను, వంటపాత్రలను, గదులను. ఒకరికి ముందే మాట ఇచ్చిన సొమ్మును, వాళ్లు దాన్ని నమ్ముకుని బతుకుతున్నప్పుడు, ముట్టుకోకూడదు. విపత్తు ఎంత పెద్దదైనా సరే.

బియ్యం ఉన్నాయి, మాత్రలు లేవు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే మా కార్యవర్గం ఫోనులో సమావేశమైంది. ఏప్రిల్ నెల మందుల డబ్బంతా బియ్యం, కందిపప్పు, నూనె కొనడానికి వాడదామన్నది ప్రతిపాదన. మా అధ్యక్షులు మంచి మనసున్నవారు, అవసరమైతే సొంత డబ్బు తీసేవారు. "ఇల్లు తగలబడుతుంటే పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తూ కూర్చుంటామా అమ్మా?" అన్నారు. ఆ మాటకు ఎదురు చెప్పడం తేలిక కాదు. టీవీ పెడితే ఆకలి తప్ప మరొకటి కనిపించని రోజులవి. అప్పుడు మాలో ఒక పెద్దాయన, జీవితమంతా మందుల దుకాణం నడిపిన మనిషి, నెమ్మదిగా ఒక ప్రశ్న వేశారు: "బియ్యం ఇచ్చేవాళ్లు చాలామంది వస్తారండీ. ఇన్సులిన్ ఎవరిస్తారు?"

ఆయన ఊహించినట్టే జరిగింది. కేంద్ర ప్రభుత్వం ఏప్రిల్ నుంచి పేదల రేషన్ కార్డుల్లో తలకు ఐదు కిలోల బియ్యం అదనంగా, ఉచితంగా ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కందిపప్పు ఇచ్చింది, పేద కుటుంబాలకు వెయ్యి రూపాయల చొప్పున వలంటీర్ల చేత ఇంటికి పంపింది. ఆ మార్చిలోనే మునిసిపల్ ఎన్నికలు వాయిదా పడ్డాయి, నామినేషన్లు వేసినవారు వార్డుల్లో కూరగాయలు పంచారు. అపార్ట్‌మెంట్ సంఘాలు, వ్యాపార సంఘాలు, పూర్వ విద్యార్థులు, అందరూ సరుకుల సంచులు పట్టుకుని బయలుదేరారు. వాళ్లలో ఎవరినీ నేను తప్పుపట్టను. ఆకలికి వెంటనే స్పందించడం మనుషులకు సహజం, ఆ సహజగుణమే ఎందరినో బతికించింది. కానీ అందరికీ కనిపించే అవసరానికి చేతులు చాలానే లేచాయి. కనిపించని అవసరం దగ్గర మాత్రం అప్పటిదాకా ఉన్న ఒకటి రెండు చేతులు కూడా వెనక్కి వెళ్లాయి.

మే నెలలో వించిపేటలో ఒక ముసలమ్మ ఇంటికి మా కార్యకర్త తీసుకెళ్లింది. ఆమె మా జాబితాలో మనిషి కాదు. మరో సంస్థ ఆమెకు ప్రతినెలా మాత్రలు ఇచ్చేది. లాక్‌డౌన్‌లో వాళ్లు మందులు ఆపి, ఆ డబ్బుతో సరుకులు పంచారు. ఆ సరుకులు ఆమెకు కూడా వచ్చాయి. మంచం కింద బియ్యం సంచులు వరసగా ఉన్నాయి, ఒకదానికి పురుగు పట్టింది. "బియ్యానికి కొదవ లేదమ్మా. మాత్ర వేసుకోక కళ్లు తిరుగుతున్నాయి" అంది. ఆ బియ్యంలో కొంత వీధి చివరి కొట్టుకు తక్కువ ధరకు ఇచ్చి, ఆ డబ్బుతో సగం షీటు మాత్రలు తెప్పించుకుంది. దాత ఇచ్చిన డబ్బు బియ్యంగా మారి, ఆ బియ్యం విలువ తగ్గి మళ్లీ మాత్రలుగా మారి ఆమెకు చేరింది. ఆ సంస్థ ఖాతాలో మాత్రం అదంతా కరోనా సహాయం కిందే రాసి ఉంటుంది.

మళ్లింపుకు మూల్యం ఎవరు చెల్లిస్తారో దేశం మొత్తం మీద చూపే అంకె ఒకటుంది. 2019లో మన దేశంలో నమోదైన క్షయ రోగులు సుమారు 24 లక్షలు. 2020లో ఆ సంఖ్య సుమారు 18 లక్షలకు పడిపోయింది. జబ్బు తగ్గలేదు, కనిపెట్టడం తగ్గింది. రోగులు ఆస్పత్రికి రాలేకపోయారు. క్షయ సిబ్బందిని కరోనా పనులకు పంపారు, క్షయ పరీక్షలకు కొన్న ట్రూనాట్ యంత్రాలతో కరోనా పరీక్షలు చేశారు. ప్రభుత్వానికి ఆ సమయంలో వేరే దారి లేకపోయి ఉండవచ్చు, ఆ యంత్రాల అవసరం కూడా నిజమైనదే. అయినా ఆ తేడాలో ఉన్న లక్షలమంది దగ్గుతూనే ఇంట్లో ఉండిపోయారు. లక్షల్లో జరిగినది మా వీధుల్లో పదుల్లో జరిగింది.

ఖాళీగా నిలిచిన బండి

అయితే ఏమి మళ్లించాలి? మా ట్రస్టులో జరిగినదే చెబుతాను.

లాక్‌డౌన్‌తో కంటి శిబిరాలు ఆగాయి. అత్యవసరం కాని ఆపరేషన్లు ఆస్పత్రులే ఆపేశాయి. ఊళ్ల నుంచి వృద్ధులను తీసుకొచ్చే మా వ్యాను షెడ్డులో నిలిచిపోయింది, డ్రైవరు జీతం మాత్రం నడుస్తోంది. అదే సమయంలో బస్సులు లేవు, ఆటోలు లేవు. డయాలసిస్ రోగి వారానికి రెండు మూడుసార్లు ఆస్పత్రికి వెళ్లి తీరాలి, ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు చేరి ఊపిరి ఆడకపోవచ్చు. పోలీసుల దగ్గర పాసు తీసుకుని ఆ వ్యానును డయాలసిస్ రోగులకు పెట్టాం. ఇందుకోసం ఎవరి నోటి దగ్గరి ముద్దా తీయలేదు. కొత్తగా అయిన ఖర్చు డీజిలు మాత్రమే. నేను మళ్లింపు అనేది దీనిని.

కుట్టు శిక్షణ కేంద్రం కూడా అంతే. ఆడపిల్లలు రాలేరు, మిషన్లు ఊరికే ఉన్నాయి. రాష్ట్రంలో తలకు మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని ప్రభుత్వం నిర్ణయించి, కుట్టే పని స్వయంసహాయక సంఘాల మహిళలకు ఇచ్చింది. మిషను లేని మహిళలకు మా మిషన్లు ఇళ్లకే పంపాం. మాస్కులు కుట్టిన డబ్బు వాళ్లకు చేరింది. బియ్యం సంచి పుచ్చుకున్న మనిషి ముఖానికీ, కూలి డబ్బు లెక్కపెట్టుకున్న మనిషి ముఖానికీ తేడా ఉంటుంది. దాన్ని చూసినవాళ్లు సాయం చేసేటప్పుడు ముందుగా పని ఇవ్వగలమా అనే ఆలోచిస్తారు.

ఇక్కడే మరొక సంగతి. జూన్‌లో సరుకులు ఇస్తున్న చోట ఒక యువతి ముఖమంతా చున్నీ చుట్టుకుని వరస చివర నిలబడింది. మాస్కు పైన మళ్లీ చున్నీ ఎందుకో మొదట అర్థం కాలేదు. ఆమె ఒక ప్రైవేటు పాఠశాలలో టీచరు, మార్చి తరవాత జీతం రాలేదు. ముందు నిలబడ్డవాళ్లలో ఆమె దగ్గర చదువుకునే పిల్లల తల్లులు ఉన్నారు. ఆ రోజు సంచి ఇంటికి పంపాం. తరవాత మా హాస్టలు వరండాలో దగ్గరి ఇళ్ల పిల్లలకు దూరం దూరంగా కూర్చోబెట్టి పాఠాలు చెప్పమని అడిగి, నెల జీతం ఇచ్చాం. హాస్టలు పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయారు కాబట్టి వరండా ఖాళీ, కరెంటు బిల్లు కూడా తగ్గింది. ఆ తగ్గినదే ఆమె జీతానికి సరిపోయింది.

పెద్ద సంస్థల్లోనూ బాగా జరిగినవన్నీ ఇలాంటివే. బడులు మూతపడటంతో మధ్యాహ్న భోజనం వండే అక్షయపాత్ర వంటశాలలకు పని లేకుండా పోయింది, వాటిలోనే పేదలకు, వలస కూలీలకు వండారు. తిరుమలకు భక్తుల రాక ఆగినప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో అన్నం పొట్లాలు పంచింది. వంటవాళ్లు, గిన్నెలు, పొయ్యిలు, సరుకు తెచ్చే దారులు, అన్నీ ఉన్నవే. తినేవాళ్లు మారారు.

తెనాలి మాస్టారి మాట

మా కంటి శిబిరాల కోసమని రాసి మరీ డబ్బు ఇచ్చిన దాతలు కొందరున్నారు. శిబిరాలు లేవు కాబట్టి ఆ డబ్బు వేరేవాటికి వాడదామని కొందరన్నారు. ముందు దాతలను అడుగుదామని నేను పట్టుబట్టాను. ప్రత్యేకమైన పని కోసం ఇచ్చిన విరాళాన్ని ఆ పనికే వాడటం ట్రస్టీల బాధ్యత, అది వాళ్ల ఇష్టాయిష్టాల విషయం కాదు. ఫోన్లు చేశాం. దాదాపు అందరూ "మీ ఇష్టం, మంచి పనికి వాడండి" అన్నారు. తెనాలిలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మాత్రం ఒప్పుకోలేదు. "మా ఆవిడ చివరి మూడేళ్లూ చూపు లేకుండా గడిపింది. ఈ డబ్బు కళ్లకే. ఆలస్యమైతే కానివ్వండి, నేను తొందరపెట్టను" అన్నారు.

కార్యవర్గంలో కొందరు నొచ్చుకున్నారు, లోకమంతా అల్లాడుతుంటే ఇదేమి పట్టుదల అన్నారు. నాకు ఆయన మాట సబబుగానే తోచింది. శిబిరాలు ఆగినా శుక్లాలు ఆగవు. తీయకుండా వదిలేస్తే అవి ముదిరి ఆపరేషను మరింత కష్టమవుతుంది. చూపు తగ్గిన ముసలివాళ్లు పెరట్లో కాలుజారి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. మళ్లీ శిబిరాలు పెట్టుకునే వీలు కలిగేసరికి రావలసినవాళ్లు మామూలు కంటే చాలా ఎక్కువమంది అయ్యారు. అప్పుడు కళ్ల పద్దులో కదలకుండా ఉన్న డబ్బు ఆయనదే. తక్కినదంతా అప్పటికే ఖర్చయిపోయింది.

ఇక కంపెనీల సంగతి. 2020 మార్చి 23న కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ కోవిడ్ సహాయానికి పెట్టే ఖర్చును సామాజిక బాధ్యత నిధుల కింద లెక్కిస్తామని ప్రకటించింది. ఆ నెల 28న పీఎం కేర్స్ నిధికి ఇచ్చినదీ ఆ లెక్కలోకి వస్తుందని చెప్పింది. చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు పెట్టవలసింది గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం. ఆ రెండు శాతం పెరగలేదు, అందులోనే కోవిడ్ వచ్చి చేరింది. ఏటా మా మందులకు సాయం చేసే ఒక కంపెనీ ఈసారి తమ నిధులు కోవిడ్‌కు కేటాయించామని రెండు వాక్యాల ఉత్తరం పంపింది. మా వృద్ధుల్లో షుగరూ బీపీ ఉన్నవాళ్లే కరోనాకు ముందుగా బలయ్యేవాళ్లని, వాళ్ల మాత్రలు ఆపకుండా ఉంచడం కూడా కోవిడ్ పనేనని జవాబు రాశాం. ఆ ఏడాది వాళ్ల నుంచి ఏమీ రాలేదు.

వారధి మీద నడిచినవాళ్లు

ఇంతవరకు రాసినది చదివి, మరి వలస కూలీల మాటేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేను ప్రశ్నించుకున్నదీ అదే. ఏప్రిల్, మే నెలల్లో చెన్నై వైపు నుంచి ఒడిశాకూ బెంగాలుకూ బీహారుకూ నడిచిపోయేవాళ్లు జాతీయ రహదారి మీద మంగళగిరి, తాడేపల్లి దాటి కనకదుర్గ వారధి ఎక్కి మన ఊళ్లోంచే వెళ్లారు. చంకలో పిల్లలు, నెత్తి మీద మూటలు, తెగిన చెప్పులకు కట్టిన గుడ్డపీలికలు. వాళ్లకు ఏ జాబితాలోనూ పేరు లేదు. వాళ్లకు ఎవరూ మాట ఇవ్వలేదు. అందుకే మీకు మేము బాధ్యులం కామని అనగలమా?

అనలేము. మేమూ వండాం. హాస్టలు వంటామె ఊరికి వెళ్లలేక అక్కడే ఉండిపోయింది, గిన్నెలున్నాయి, హాస్టలు కోసం తెచ్చిన నెల సరుకులు కూడా ఉన్నాయి. పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టి వారధి దగ్గర ఇచ్చాం. రెండో వారానికి సరుకులు అయిపోయాయి. అప్పుడు మళ్లీ మందుల డబ్బు మీద చర్చ వచ్చింది. ఈసారి అధ్యక్షులు అడిగినదానికి నా దగ్గర గట్టి జవాబు లేదు: "రేపు మాత్ర లేకపోతే ముసలాయనకు ఏమవుతుందో ఏమో. ఈ పిల్లవాడికి ఈ పూట అన్నం లేకపోతే ఏమవుతుందో మాత్రం కళ్ల ముందే ఉంది కదమ్మా!"

చివరికి మందుల డబ్బు ముట్టుకోలేదు. సభ్యులందరం తలా కొంత వేసుకున్నాం, తెలిసినవాళ్లను అడిగాం, వన్‌టౌన్‌లో హోల్‌సేలు వ్యాపారి ఒకరు బియ్యం అప్పుగా ఇచ్చారు. అలా గడిచింది. గడిచింది కాబట్టి నా సూత్రం నిలబడిందని అనను. ఆ వ్యాపారి ఇవ్వకపోయి ఉంటే ఏమి చేసేవాళ్లమో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పగలను. మందుల పెట్టె తాళం వేసి ఉంది కాబట్టే మేము కొత్త డబ్బు కోసం తిరిగాం. అది తెరిచి ఉంటే మొదటి రోజే దానిలో చెయ్యి పెట్టేవాళ్లం, ఏ గుమ్మమూ ఎక్కేవాళ్లం కాదు.

గోదాములో యంత్రాలు

2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో దశ వచ్చేసరికి అందరి చూపూ ఆక్సిజన్ మీదికి మళ్లింది. విదేశాల్లో ఉన్న తెలుగువారు కాన్సంట్రేటర్లు, అంటే గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రాలు, పంపడానికి ముందుకొచ్చారు. ఆ ప్రేమను తక్కువ చేయను. గాలికోసం కొట్టుకునే మనిషికి అప్పుడు ఆ యంత్రమే ప్రాణం. మమ్మల్నీ తీసుకోమన్నారు. ఆ యంత్రాన్ని ఇంట్లో పెట్టి వాడాలంటే దాన్ని చూసే మనిషి కావాలి, కరెంటు పోతే వేరే ఏర్పాటు ఉండాలి, నిమిషానికి ఐదు లీటర్లు చాలని స్థితి వస్తే వెంటనే గుర్తుపట్టి ఆస్పత్రికి చేర్చాలి. ఇవేవీ మాకు చేతకావు. చేయగలిగిన వైద్యుల బృందానికి ఇవ్వమని చెప్పాం.

మాకు చేతనైనది వేరే ఉంది. ఏ ఇంట్లో ఏ వృద్ధురాలు ఒంటరిగా ఉంటుందో, ఎవరి కొడుకు హైదరాబాదులో ఉంటాడో, ఎవరికి ఫోను చేస్తే తలుపు తడతారో మా కార్యకర్తలకు తెలుసు. వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్లు కొని, వాడి తిరిగి ఇచ్చే పద్ధతిలో ఇళ్లకు పంపాం. పొద్దున, సాయంత్రం ఫోను చేసి అంకె అడిగేవాళ్లం. 94 కంటే తగ్గితే ఆగకుండా డాక్టరుకు చెప్పేవాళ్లం. ఏళ్లుగా మందుల కోసం ఆ ఇళ్లకు వెళ్లడం వల్లనే ఆ పని సాధ్యమైంది. 2020లో మందులు ఆపేసి ఉంటే 2021లో మా ఫోను ఎవరు ఎత్తేవారు?

తరవాతి ఏడాది ఒక సంస్థ కార్యాలయానికి వేరే పని మీద వెళ్లినప్పుడు, గోదాములో అట్టపెట్టెల్లో కాన్సంట్రేటర్లు కనిపించాయి. నెలల తరబడి వాడకుండా ఉంచితే లోపల ఆక్సిజన్‌ను వేరుచేసే జియోలైట్ అనే పదార్థం తేమ పీల్చుకుని వచ్చే ఆక్సిజన్ శాతం పడిపోతుంది. అవసరం వచ్చినప్పుడు అవి పనిచేస్తాయని నమ్మలేము. వాటికి అయిన ఖర్చుతో ఎన్ని నెలల ఇన్సులిన్ వచ్చేదో లెక్క వేయకుండా ఉండలేకపోయాను.

ఇందులో చట్టాల పాత్ర కూడా ఉంది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, అలాంటి విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వడాన్ని పూర్తిగా నిషేధించారు. దుర్వినియోగాన్ని ఆపడానికే అన్నారు. ఫలితం మాత్రం ఇదీ: డబ్బున్న పెద్ద సంస్థకు మా వీధులు తెలియవు, వీధులు తెలిసిన చిన్న సంస్థకు డబ్బు అందదు. మహమ్మారి మధ్యలో ఈ మార్పు తేవడం సరైన పని అని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

విపత్తుకు వేరే పెట్టె

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు మళ్లీ అదే చూశాం. పడవల్లో, ట్రాక్టర్ల మీద, చివరికి డ్రోన్లతో కూడా అన్నం, నీళ్లు, పాలు చేరాయి. నీళ్లు తీశాక ఇళ్లలో బురద కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి. తడిసి ముద్దయిన మందుల సంచి చేత్తో పట్టుకుని, ఇందులో ఏది ఏ మాత్రో చెప్పమని అడిగినవాళ్లు మాకు చాలామంది ఎదురయ్యారు. మా దగ్గర జాబితా ఉన్న ఇళ్లకు ఏ మందు కావాలో అడగకుండానే పంపగలిగాం. ఆ సంవత్సరానికి మేము వరద కోసం కొంత సొమ్ము విడిగా ఉంచుకున్నాం, అందుకే నెలవారీ మందుల మాట ఎవరూ ఎత్తలేదు.

పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు పెట్టాలి, 15 శాతం మాత్రం షరతు లేకుండా మిగుల్చుకోవచ్చు. అంతకంటే ఎక్కువ దాచాలంటే ఎందుకో రాసిచ్చి ఐదేళ్లలోపు ఆ పనికే వాడాలి. చాలా చిన్న సంస్థలు ఆ 15 శాతాన్నీ మిగల్చవు. డబ్బు ఉంచుకున్నారన్న మాట పడకూడదని మార్చి నెలాఖరుకల్లా ఖర్చు చేసేస్తాయి. దాతలు కూడా "మొత్తం పేదలకే వెళ్తుందా?" అని అడుగుతారు తప్ప, "రేపు విపత్తు వస్తే మీ దగ్గర ఏముంది?" అని అడగరు. ఆ ప్రశ్న అడగమని నా మనవి. ఖాళీ పెట్టెతో ఉన్న సంస్థ కష్టం వచ్చిన రోజున ముసలివాళ్ల మాత్రల దగ్గరికే వెళ్తుంది, దానికి మరో దారి ఉండదు.

మా సర్వసభ్య సమావేశానికి ఈసారి ఒక తీర్మానం ఇచ్చాను. నెలవారీ మందులకు ఆరు నెలల ఖర్చు విడిగా ఉంచాలి, కార్యవర్గం కూడా దాన్ని కదపకూడదు. విపత్తు సాయం వేరే పద్దు. ఏ విపత్తులో మా వ్యాను, వంటగది, మిషన్లు ఎవరికి అప్పగించాలో ముందే రాసి పెట్టుకోవాలి. అధ్యక్షులు మొదటిదానికి మూడు నెలలు చాలంటున్నారు. చేతిలో డబ్బు ఉంచుకుని ఎదుటివాడికి లేదనడం తనవల్ల కాదంటున్నారు. వారధి మీద ఆయనతోపాటు నేనూ నిలబడ్డాను, ఆయన బాధ నాకు తెలుసు. అయినా ఆరు నెలలే ఉండాలంటాను. 2020 మార్చిలో నిలిచిపోయిన మా కంటి శిబిరాలు తిరిగి మొదలవడానికి అంతకంటే ఎక్కువ కాలమే పట్టింది.